ఎదురు పక్షం మొగుడు

వెలుగు పక్షం, సంధి రోజు

కళ్ళు తెరవగానే ముందు జడ తడుముకున్నాను. పడుకునేటప్పుడు ముడి వేసుకుని పడుకున్న మాట నాకు బాగా గుర్తు. ఇప్పుడేమో ఐదుపాయల జడ, దాని చివర మంచుగనిలో పారేసిన వైర్లతో అల్లిన ఎర్ర కుచ్చులు. కాళ్ళకి బీట్‌రూట్ రసంతో పారాణి. బుగ్గ మీద దిష్టిచుక్క కూడా ఉందని తరవాత అద్దంలో చూశాను. పధ్నాలుగు రోజులు ఒళ్ళు తెలియకుండా పడున్న ఆడదాన్ని పట్టుకుని బొమ్మల కొలువు పెట్టుకున్నాడు మా ఆయన.

నేను పడుకున్న నిద్ర తొట్టి అంచుకి గడ్డం ఆనించి నన్నే చూస్తున్నాడు. పేరు సూర్యభగవాన్లు. మేలుకునేది మాత్రం చీకటి పక్షంలో. ఈ ఒక్క ముక్క పట్టుకుని మా ఊరు కొత్తలంక జనం పదకొండేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, వాళ్ళకి ఇంకా విసుగు పుట్టలేదు.

"లేచావా?" అన్నాడు.

"లేచాను గానీ, ముందు తాళం ఇలా ఇవ్వండి."

మొలలోంచి గాలి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. దాంతో పెద్దరికం నాకొచ్చింది. చంద్రుడి మీద ఈ గుంటలో గాలి సగం మందికే సరిపోతుంది కాబట్టి, ఎండ ఉన్న పక్షం సగం ఊరు, చీకటి పక్షం మిగతా సగం మేలుకుంటాం. ఏ ఇంట్లోనైనా ఎప్పుడూ ఒకరు లేచి ఉండాలని ఎదురు పక్షాల వాళ్ళకే పెళ్ళి చేస్తారు. తాళం ఎవరి మొలలో ఉంటే వాళ్ళు ఇంటికి పెద్ద, రెండోవాళ్ళు వాళ్ళని 'అండీ' అనాలి. ఇద్దరం కళ్ళు తెరిచి ఉండేది పక్షం మారే సంధి రోజునే. అందులో సగం పోట్లాటకి పోతుంది. మిగతా సగం సంగతి ఇక్కడ చెప్పను.

నిజానికి ఇది నేను చేత్తో రాస్తున్నది కాదు. చెవి వెనక బొత్తాం నొక్కి గొణిగితే అదే రాసుకుంటుంది. నా గొణుగుడు ఎదురుచెప్పకుండా వినేవాళ్ళు ఇద్దరే, ఈ బొత్తామూ, నిద్రపోతున్న మొగుడూ.

"ఒక మాట చెబుతాను, తిట్టకూడదండి."

"తిట్టించుకునే మాటని నీకే తెలుసన్నమాట. చెప్పు."

"జంట మెలకువకి మన పేరిచ్చాను. చీటీ మనకే తగిలింది."

నా చేతిలో గ్లాసు జారింది. ఇక్కడ జారిన గ్లాసు కింద పడడానికి కూడా తీరిగ్గా పడుతుంది కాబట్టి ఈలోగా మొహం సర్దుకున్నాను.

కొత్త గాలి యంత్రం బిగించారట. దాని పుణ్యమా అని వచ్చే వెలుగు పక్షం నుంచి కొన్ని జంటలు కలిసి మేలుకుని కలిసి పడుకోవచ్చట. పధ్నాలుగు రోజులూ ఎదురెదురుగా, కళ్ళు తెరుచుకుని!

"గని మానేస్తానండి. మీ తోటకూర షెడ్డులోనే పని ఇమ్మని అడిగేశాను" అన్నాడు, మొహం చేటంత చేసుకుని.

"నా షెడ్డులోకా?"

"ఆయ్. మీ పక్కనే నిలబడి మొలకలు ఏరతాను."

"మరి తాళం ఎవరి దగ్గరుంటుంది?"

బుర్ర గోక్కున్నాడు. అది ఆలోచించలేదు మహానుభావుడు. "ఇద్దరం చూసుకుందాం లెండి. నా వేలుముద్ర వేశాను, మీది కూడా పడాలి. చీకటి పక్షం మూడో రోజుతో గడువు సరి. అప్పటికి మీరు నిద్రలో ఉంటారు కదా, ఈ పక్షంలోనే ఆఫీసుకెళ్ళి వేసేయండి. పడకపోతే వేరే జంటకి ఇచ్చేస్తారు."

సాయంత్రం నిద్ర కషాయం కలిపి ఇచ్చాను. తాగి తొట్టిలో వెల్లకిలా పడుకుని, "రోజూ మీ మొహం చూస్తా..." అంటూ సగంలో నిద్రపోయాడు. అప్పటికి గానీ నాకు హాయిగా ఊపిరాడలేదు.

వెలుగు పక్షం, మూడో రోజు

ఇల్లు మళ్ళీ ఇల్లయింది. అయ్యగారు కిటికీ కిందకి లాగిన పొయ్యిని మళ్ళీ గోడవారకి చేర్చాను. ఆయన వాకిలికి తగిలించిన గంట పీకేశాను. కారం డబ్బా పై అరలోంచి కింద అరలోకి, పప్పు డబ్బా కింద అరలోంచి పై అరలోకి. పదకొండేళ్ళుగా ఆ డబ్బాలు రెండూ తిరుగుతూనే ఉన్నాయి.

తరవాత తొట్టి మూత తీసి ఆయన ఒళ్ళంతా నూనె రాశాను. నిద్రలో ఉన్నవాళ్ళకి రోజూ నూనె రాసి, కీళ్ళు మడిచి చాపకపోతే లేచేసరికి కొయ్యబారిపోతారు. ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు ఈ పని ఏడుస్తూ చేస్తారు. నేను మాత్రం స్నానం చేసి, మంచి చీర కట్టుకుని మరీ చేస్తాను. దాచడమెందుకు, నాకు ఈ మనిషంటే పిచ్చి. తొట్టి చుట్టూ తెర కట్టేశాను. పక్కింటి వీరవేణి ఉప్పు కోసం వచ్చి తొంగి చూసిందని కట్టాను ఆ తెర. నా మొగుడి కనుబొమ్మలు నేను తప్ప ఎవరూ చూడక్కర్లేదు.

నూనె రాస్తూ పొయ్యి సంగతి అడిగాను. "పొయ్యి ఎందుకు కదిపావయ్యా? బుద్ధుందా?" లేదన్నట్టే పడుకున్నాడు. "ఇంకోసారి కదుపుతావా?" కదపనన్నట్టే ఉంది మొహం. ఎంత వినయం, ఎంత అందం! నుదుటి మీద ముద్దు పెట్టి, "ఇలాగే ఉండిపో నాయనా, లేవకు" అన్నాను. రోజూ అనే మాటే.

వేలుముద్ర వేయడానికి ఇంకా వెళ్ళలేదు. బోలెడు టైముంది.

వెలుగు పక్షం, తొమ్మిదో రోజు

రెండుసార్లు ఆఫీసు దాకా వెళ్ళాను. రెండుసార్లూ వేలు జాకెట్లో దాచుకుని వెనక్కొచ్చాను.

నా బాధ చెబితే వీరవేణి నవ్వింది. వీరవేణికి మొగుడు పోయాడు. ఒంటరివాళ్ళకి పక్షాలు లేవు, రోజూ కాస్త పడుకుని కాస్త లేస్తారు. అందుకని ఆమెకి అన్ని పక్షాల రహస్యాలూ తెలుసు.

"నిద్రలో ఉన్నదాన్ని చూసి మనసు పడ్డాడక్కా వాడు. నూనె రాస్తే కదలదు, జడేస్తే విదిలించుకోదు. మేలుకున్న ఈ మాణిక్యాంబని సంధి రోజున తప్ప చూసిందెప్పుడు? ఒక్క రోజుకి ఎవరైనా మంచివాళ్ళలాగే కనబడతారు. ఐదో రోజుకల్లా నా నోరు చూసి దండం పెట్టి పారిపోతాడు" అన్నాను.

"ఆడి సంగతి నీకేం తెలుసే? లేచీ లేవగానే ఊరంతా తిరుగుతాడు. మా ఆవిడ ఈ పక్షం ఏం చీరలు కట్టింది, ఎవర్ని తిట్టింది, దేనికి నవ్వింది అని ఇల్లిల్లూ అడుగుతాడు. మొన్న నువ్వు కుళాయి కాడ నవ్వి నవ్వి బిందె జారవిడిచావు చూడు, అది మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటాడని ఇప్పుడే చెబుతున్నాను."

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నా వెనక నా మీద ఆరా తీస్తున్నాడా! కోపం తెచ్చుకుందామంటే సరిగ్గా రాలేదు.

"ఇంకోటి చెప్పనా?" అంది వీరవేణి. "తొట్టి కాడ కూచుని నీతో గంటలు గంటలు మాట్లాడతాడు. గోడలోంచి గొంతు వినబడుద్ది గానీ మాటలు తెలీవు. ఏం చెబుతాడో ఆడికే తెలియాల."

ఏం చెబుతాడో నాకు తెలియాలి. ఇంతకన్నా ముఖ్యమైన పని నాకు ఈ చంద్రమండలం మీద ఇంకోటి లేదు. ముద్ర వేయాలా వద్దా అన్నది ఆ మాటలు విన్నాకనే తేలుతుంది. తొట్టిలో పడుకున్న బొమ్మే కావాలనుకుంటున్నాడని తేలిందా, గడువు దాని మానాన అదే దాటిపోతుంది.

చీకటి పక్షం, సంధి రోజు

"వేశావా వేలు?" లేచీ లేవగానే అడిగారు. తాళం ఇచ్చేశాను కాబట్టి ఇక ఆయన 'ఆయన', నేను 'నువ్వు'.

"వేశానండీ" అన్నాను, రెప్ప కూడా వేయకుండా.

ఆయన మొహం వెలిగిన తీరు చూస్తే నాకే ఒక్క క్షణం భయమేసింది. లేచి పెనం మీద అట్టు వేసి, అది మాడిపోతున్నా చూసుకోకుండా నాకేసే చూస్తూ నిలబడ్డారు. మాడిన అట్టే ఇద్దరం తిన్నాం.

సాయంత్రం కషాయం ఇచ్చారు. బుగ్గన పట్టి, తల దువ్వుకునే వంకతో అటు తిరిగి, కిటికీలో ఉన్న కరివేపాకు కుండీలో ఉమ్మేశాను. తొట్టిలో పడుకుని కళ్ళు మూసుకున్నాను. మూత పెట్టారు. పిల్లనగ్రోవి ఊదినట్టు నెమ్మదిగా ఊపిరి తీయడం పొద్దుట్నుంచీ అలవాటు చేసుకునే ఉన్నాను. ఇలాంటి వెధవ పనులకి నా అంత శ్రద్ధ ఇంకెవరికీ ఉండదు.

చీకటి పక్షం, రెండో రోజు

గనికి వెళ్ళారు. లేచి, ఆవకాయతో ఇంత అన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి, మళ్ళీ తొట్టిలోకి వచ్చి ఇది గొణుగుతున్నాను.

పొద్దున నూనె రాశారు. నేను ఒట్టి మోటుగా రాస్తానని ఇప్పుడు అర్థమైంది. ఆయన ఒక్కో వేలూ విడిగా పట్టుకుని, గోరు చివర దాకా, బజ్జున్న పిల్లికూనని నిమిరినట్టు రాస్తారు. మధ్యలో అరికాలి మీద గోటితో ఒక గీత గీశారు. నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. పళ్ళు బిగపట్టి, చచ్చిపోయిన మేనత్తల్ని వరసగా తలుచుకున్నాను.

తరవాత మొదలెట్టారు నాటకం.

"ఏవయ్యా భగవాన్లూ, పొయ్యి మళ్ళీ ఎందుకు కదిపావు?" అని నా గొంతుతో ఆయనే అడిగారు. నా గొంతు అంత బొంగురుగా ఉంటుందా? "కిటికీ కింద ఉంటే గుంటలో దీపాలు చూస్తా వండుకోవచ్చని" అని ఆయన గొంతుతో ఆయనే జవాబు చెప్పుకున్నారు. "దీపాలు తింటావా? గోడవార పెట్టు!" అంది నా గొంతు. "సరేలే, పెడతాలే" అన్నారు. పొయ్యిని గోడవారకి జరిపిన చప్పుడు కూడా వినబడింది.

ఎవరూ లేని ఇంట్లో, నేను ఒళ్ళు తెలియక పడున్నాననుకుంటూ కూడా నాతో ఓడిపోయారు! నేను ఆడే నాటకంలోనూ గెలుపు నాదే, ఆయన ఆడే నాటకంలోనూ గెలుపు నాదే. సంతోషించాల్సింది పోయి తొట్టిలో ఇబ్బందిగా కదిలాను.

గోడ మీద గాలి ముల్లు పసుపుగీత దగ్గరికొచ్చింది. నిద్రపోయే మనిషికి చిటికెడు గాలి చాలు. నేను పీలుస్తున్నది చిటికెడు కాదు. అయినా ఇంకొక్క రోజే కదా.

చీకటి పక్షం, మూడో రోజు

ముల్లు ఎర్రగీతలో పడింది. పొద్దున్నే సబ్బు నురుగు పట్టుకుని గోడలన్నీ తడిమారు ఎక్కడైనా చిల్లు పడిందేమోనని. ఏదీ కనబడలేదు. ఆ తరవాత నుంచీ ఇంట్లో పాడడం మానేశారు, నడకలో వేగం తగ్గించారు, కాసేపు కూర్చుని బయటికెళ్ళిపోయి వీరవేణి గుమ్మంలో చతికిలబడ్డారు. "మా ఇంటి గాలంతా నువ్వే పీల్చేత్తున్నావు, లెగు" అని ఆవిడ అరుస్తుంటే వినబడుతూనే ఉంది.

మళ్ళీ లోపలికొచ్చి తొట్టి పక్కన పీట వేసుకున్నారు.

"నీ వేలు పడలేదట" అన్నారు.

పిల్లనగ్రోవి ఊపిరి తప్పకుండా తీస్తూనే ఉన్నాను.

"నిన్న గని నుంచి వస్తా ఆఫీసులో అడిగాను. ఇయ్యాళతో ఆఖరు. వేశానని నాతో ఎందుకన్నావే? వద్దంటే వద్దనొచ్చు కదా. నేనేమన్నా కొడతానా?" పీట ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "కుళాయి కాడ నవ్వి నవ్వి బిందె వదిలేశావట. ఆ నవ్వు వీరవేణి చూసింది, గాలి మేస్త్రి చూశాడు, ఊరంతా చూశారు. నేను మట్టుకు పడుకున్నాను. వాళ్ళ మొహాలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోద్ది. నా పెళ్ళాం నవ్వు నేను ఇంకోళ్ళనడిగి తెలుసుకోవాలా?"

దువ్వెన తీసి నా జుట్టు పాయలు తీయడం మొదలెట్టారు.

"జడ వెయ్యడమంటే నాకు సరదా అనుకుంటున్నావా? చేతులు నొప్పెడతాయి. లేచి చూసుకుని నువ్వు నన్ను తిడతావని వేస్తాను. ఏం చెయ్యను మరి? ఉండేది ఒక్క రోజు. మాట ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. నువ్వు తిడితే, అక్కణ్ణుంచి నేనందుకుంటాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిద్రపోతున్నవాళ్ళకి కన్నీళ్ళు రావు కాబట్టి ఆవలింతలాంటిదేదో నటించాను. నిద్రపోతున్నవాళ్ళకి ఆవలింతలు కూడా రావని అప్పుడు గుర్తుకు రాలేదు.

ఎంత సిగ్గుచేటు! కదలని బొమ్మని ప్రేమిస్తున్నాడని ఆయన మీద నేరం మోపి పొంచి పడుకున్నాను. ఆయనకి కావలసింది నోరున్న మాణిక్యాంబ. నోరులేని మొగుణ్ణి చూసి మురిసిపోతున్నది నేను. లేచి చెప్పేద్దామనే అనుకున్నాను. ఎలా లేవాలి, ఏ మొహం పెట్టుకుని లేవాలి అని తేల్చుకునేలోపు బయట తలుపు చప్పుడైంది.

అదే రోజు, మేస్త్రి వచ్చి వెళ్ళాక

ఇది గొణగడం లేదు, గట్టిగానే చెబుతున్నాను. ఇక దాచేదేమీ లేదు.

వచ్చినవాడు గాలి మేస్త్రి తాతారావు. ఎర్రగీత దాటితే ఆఫీసులో గంట మోగుతుంది, అందుకని వచ్చాడు. వెనకే వీరవేణి. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

గొట్టాలన్నీ చెవిపెట్టి విని, "చిల్లేం లేదండి భగవాన్లు గారూ. ఈ ఇంట్లో నిండుగా ఇద్దరు మనుషులు పీలుస్తున్నారు" అన్నాడు తాతారావు.

"ఎవత్తెనైనా దాచావా ఏంట్రా?" అంది వీరవేణి. మంచం కిందకి, బీరువా వెనక్కి వంగి చూసిన చప్పుడు కూడా విన్నాను.

మేస్త్రి నా దగ్గరికొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "అమ్మగారికి కషాయం ఎక్కలేదండి. అరకొర నిద్ర చాలా ప్రమాదం, మతి పోద్ది. డబుల్ మోతాదు సూది వేసేద్దాం. కాకపోతే వచ్చే వెలుగు పక్షం కూడా లేవరు. ఆ పక్షం పెద్దరికం కూడా మీదే అవుద్ది."

నా పెద్దరికం! నా షెడ్డు! ఇవాళ్టితో పోయే వేలుముద్ర గడువు!

ఆయన నా మొహం మీదకి వంగారు. ఊపిరి నా బుగ్గకి తగిలింది. కాదంటారనే అనుకున్నాను.

"ఆయ్, వేసెయ్యండి మేస్త్రీ. ఎంత సూదుంటే అంత వెయ్యండి. ఇలా పడుంటే నాకూ హాయి" అన్నారు.

"హాయా! చంపేస్తారేంటి నన్ను!" అని తొట్టిలో లేచి కూర్చున్నాను.

తాతారావు కెవ్వుమని వెనక్కి గెంతాడు. ఇక్కడ గెంతితే గబుక్కున కిందకి రాం కదా, కప్పుకి తల తగిలించుకుని, తీరిగ్గా వచ్చి నూనె పళ్ళెంలో కూర్చున్నాడు. వీరవేణి నోరు మూసుకుంది. నాకు తెలిసి అది మొదటిసారి.

మా ఆయన మాత్రం పడీ పడీ నవ్వుతున్నారు.

"మీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. కరివేపాకు మొక్క ఆకులన్నీ ముడుచుకుని గురకొక్కటే తక్కువ. జాడీలో ఆవకాయ ముక్కలు తగ్గిపోయాయి. అరికాలు గీస్తే బొటనవేలు ఇలా ముడిచావు. ఇయ్యాళ ఆవలించావు కూడా."

"అయితే గోడలకి సబ్బు పూయడమెందుకు?"

"నువ్వు చూస్తున్నావని."

"మరి బయటికెళ్ళి కూర్చోవడం?"

నవ్వు ఆపారు. "గాలి నీకు చాలాలి కదే."

 మాట తోచకపోతే పోట్లాడడం ఒకటే నాకు తెలిసిన దారి. "అంటే అదంతా నన్ను వినమని చెప్పిన మాటలన్నమాట! జడ, నవ్వు, చేతులనొప్పి, అంతా నటనేనా?"

"వింటున్నావని చెప్పాను. వినకపోయినా అవే చెబుతాను. పదకొండేళ్ళుగా చెబుతున్నాను, అడుగు."

"మాటలు నాకు తెలీవు గానీ, గొంతు మట్టుకు ఇదే" అంది వీరవేణి, అడగకుండానే.

"అసలు ఈ దొంగనిద్ర ఇంత చప్పున ఎలా కనిపెట్టారు?" అన్నాను.

ఆయన నేల చూశారు. తాతారావు నూనె తుడుచుకోవడం ఆపి చెవులు రిక్కించాడు.

"నేనూ ఓసారి పడుకున్నాను. పోయినేడు. కషాయం సొరపాదులో ఉమ్మాను."

నిరుడు ఆ పాదు ఒక్క పువ్వు పూయలేదు. విత్తనాలిచ్చిన మా షెడ్డువాళ్ళ మీద పడి నేను నానా తిట్లూ తిట్టాను. ఎర్రగీతలో పడిన గాలి ముల్లుని కూడా ఒక్కటి పీకిన గుర్తుంది.

"పక్షమంతా మేలుకున్నారా?"

"రెండు రోజులే. నువ్వు నూనె రాశావు, పొయ్యి గురించి తిట్టావు. నాకు బాగుంది. లేచి కూచుని నిన్ను హడలగొడదామనుకుంటున్నాను. అప్పుడు నుదుటి మీద ముద్దు పెట్టి, ఇలాగే ఉండిపో, లేవకు అన్నావు. మర్నాడూ అదే అన్నావు. మూడో రోజు నువ్వు షెడ్డుకెళ్ళాక కషాయం నేనే కాచుకుని తాగి పడుకున్నాను."

 అది ముద్దుమాటండీ, మురిపెంతో అన్నానండీ అందామని నోరు తెరిచాను. ఆ మాట అనుకున్నప్పుడు తియ్యగానే ఉంటుంది. కళ్ళు మూసుకుని వినేవాడికి ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. నేను లేవద్దన్నానని, నా మాట తీసెయ్యలేక, తన చేత్తో తనే మందు కాచుకున్నాడు నా మొగుడు. వెక్కి వెక్కి ఏడ్చాను. తాతారావు ముందు, వీరవేణి ముందు, సగం అల్లిన జడతో, ఒళ్ళంతా నూనెతో.

"ఏడవకే, గాలి ఖర్చు" అన్నారు ఆయన, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

"మేస్త్రీ, నీ చేతిలో ఆ పలక ఆఫీసుదే కదా?" అన్నాను.

"అవునండి."

"ఇలా పట్రా."

వేలికి నూనె ఉండడంతో మొదటిసారి పడలేదు. చీరకి తుడుచుకుని గట్టిగా నొక్కాను. పలక పచ్చగా వెలిగింది. ఆయన ఆ వెలుగుకేసి చూడలేదు, నాకేసే చూశారు.

తాతారావు గొంతు సవరించుకున్నాడు. "సంతోషమండి. కాకపోతే ఇంటి గాలి మొత్తం ఇద్దరూ కలిసి తాగేశారు. అది పూడాలంటే ఈ పక్షం మిగిలిన రోజులన్నీ ఇద్దరూ పడుకోవాల్సిందే. వచ్చే వెలుగులో ఇద్దరూ ఒకేసారి లేవండి. అందాకా తాళం పక్కింటివాళ్ళకివ్వాలి, అది రూలు."

పక్కింటివాళ్ళు అప్పటికే చెయ్యి చాపి నిలబడి ఉన్నారు.

చీకటి పక్షం, నాలుగో రోజు

తాళం మొలలో దోపుకున్న దగ్గర్నుంచీ వీరవేణి నడకే మారిపోయింది.

"ఇద్దరూ 'అండీ' అనాలి నన్ను" అంది.

"సరేనండీ" అన్నాం.

"పొయ్యి నడిమధ్యకి లాగుతాను. చుట్టూ తిరుగుతా వండుకోవచ్చు."

"వద్దండీ!" ఇద్దరం ఒక్కసారే అరిచాం. పదకొండేళ్ళలో మేమిద్దరం ఒకే మాట మీద నిలబడడం ఇదే మొదలు. వీరవేణి లెక్కచేయలేదు, అది వేరే సంగతి.

ఇంటికి ఒకటే తొట్టి. ఒకరి కోసం చేసిందాంట్లో ఇద్దరం పట్టడానికి చాలా అవస్థ పడ్డాం. ఆయన మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంది, నా మోకాలు ఎక్కడుందో ఆయన చెప్పొద్దన్నారు. కషాయం ఇద్దరికీ చెరో గ్లాసూ ఇచ్చి, మేము మింగేదాకా నోట్లోకి టార్చి వేసి చూసింది వీరవేణి. నాలుక కూడా ఎత్తి చూపించమంది. మూత పెట్టి తెర వేసి వెళ్ళిపోయింది.

ఎదురుగా, ఇంత దగ్గరలో ఆయన మొహం. ఇంకాసేపట్లో ఆ కళ్ళు మూతపడతాయి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన మొహం అయిపోతుంది. ఎప్పుడూ దానికోసమే ఎదురుచూసేదాన్ని.

"ఏవండీ," అన్నాను. ఇప్పుడు ఇద్దరిలో ఎవరూ పెద్ద కాదు, అయినా అలవాటు. "ఏదైనా మాట్లాడండి."

"నిద్రొస్తుందే."

"వచ్చేదాకా మాట్లాడండి. నాకు ఎదురుచెప్పండి."

మోచెయ్యి కాస్త సర్దుకున్నారు. "పెళ్ళిచూపుల్లో నువ్వు నన్ను చూడనే లేదు."

"చూశాను!"

"ఎక్కడ చూశావు? నా వెనక గోడకి తగిలించిన బొమ్మనే చూస్తా కూచున్నావు. ఏం బొమ్మ అది, పడవో ఏదో."

"అబద్ధం. పడవ బొమ్మేం లేదక్కడ. మీరు నీలం చొక్కా వేసుకున్నారు, పై గుండీ ఊడిపోయింది."

"నీలం కాదు, బూడిదరంగు. గుండీ ఉంది. ఊడింది మా అన్నయ్యది. అంటే మా అన్నయ్యని చూశావన్నమాట!"

"ఛీ, నోర్ముయ్యండి!" అన్నాను. వెంటనే, "వద్దు, ముయ్యొద్దు" అన్నాను.

నవ్వారు. నవ్వితే తొట్టి అంతా కదిలింది. ఆ చొక్కా ఎవరు కుట్టారో, ఎందుకు బూడిదరంగో చెప్పడం మొదలెట్టారు. అంతా తప్పే చెబుతున్నారు. చొక్కా నీలమే. మాటలు నిద్రలో మెల్లగా సాగుతున్నాయి, నా రెప్పలు బరువెక్కుతున్నాయి. ఆయన ఇంకా ఏదో అంటున్నారు. ఇంకొంచెం సేపు మేలుకుని వినాలని ఉంది.